పత్తి వ్యాజ్యంలో తేలని ప్రశ్న వరి ముంగిట

కొల్లేటికోట, నూజివీడు రెండూ 2022 ఏప్రిల్ నుండి ఏలూరు జిల్లాలో ఉన్నవి. అంతకు ముందు రెండూ కృష్ణా జిల్లాలోనివే. ఒకటి పెద్దింట్లమ్మ వెలసిన కొల్లేటి లంక, మరొకటి మామిడికి పేరుపడిన మెట్ట పట్టణం. జిల్లా ఒకటే అయినా ఈ రెండు ఊళ్ళ సేద్యం ఒకటి కాదు. నూజివీడు పేరు పెట్టుకొని 1973లో మొదలై, హైదరాబాదు కేంద్రంగా ఎదిగిన విత్తన సంస్థకూ, అమెరికాకు చెందిన మోన్‌శాంటో సంస్థకూ మధ్య పత్తి జన్యువు విషయమై ఢిల్లీ న్యాయస్థానాలలో సాగిన వ్యాజ్యం కొల్లేటి చుట్టూ వరి పండించే రైతుకు సంబంధం లేని సంగతిగా కనబడవచ్చును. వ్యవసాయ విద్యార్థులలో కూడా చాలమంది దానిని రెండు పెద్ద సంస్థల డబ్బు తగవుగానే చదివి మరచిపోయినారు. తగవు డబ్బు కోసమే మొదలైనది, నిజమే. అయితే అది ఒక శాస్త్రీయ ప్రశ్నను న్యాయస్థానం ముందు నిలిపి, జవాబు రాకుండానే ముగిసినది. ఆ ప్రశ్న ఇప్పుడు వరి వైపు నడచి వచ్చుచున్నది.

బీటీ పత్తికి 2002 మార్చి 26న కేంద్ర జన్యు ఇంజనీరింగు ఆమోద సంఘం అనుమతి లభించినది. తొలి తరం బోల్‌గార్డ్‌లోని క్రై1ఎసి జన్యువుకు భారతదేశంలో పేటెంటు లేదు. ఈ ఒక్క వాస్తవాన్ని గుర్తుంచుకొన్నచో తరువాతి చరిత్రలో సగం సుబోధకమగును. పేటెంటు లేకపోయినను, మహికో మోన్‌శాంటో బయోటెక్ సంస్థ విత్తన కంపెనీలతో సబ్‌లైసెన్సు ఒప్పందాలు కుదుర్చుకొని, ప్రతి పొట్లం మీద రుసుము వసూలు చేసినది. విత్తన వ్యాపారంలో దీనికి ట్రెయిట్ ఫీజు అని పేరు, రైతుల వాడుకలో రాయల్టీ. 450 గ్రాముల పొట్లంపై ఈ రుసుము 1,250 రూపాయలకు చేరిన దశలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006లో గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్‌ను ఆశ్రయించి, పొట్లం ధరను 750 రూపాయలకు దింపించినది. మరుసటి సంవత్సరం పత్తి విత్తన ధరలపై రాష్ట్రం స్వంతంగా చట్టమే చేసినది. అనగా ఒక ప్రైవేటు సాంకేతికత ధరను ప్రజాప్రయోజనం దృష్ట్యా ప్రశ్నించుట ఢిల్లీలో కాక, ఈ నేల మీదనే మొదలైనది.

రెండవ తరం బోల్‌గార్డ్ 2006లో వచ్చినది. అందులోని క్రై2ఎబి జన్యువుకు సంబంధించి మోన్‌శాంటోకు 2008లో 214436 సంఖ్య గల భారతీయ పేటెంటు మంజూరైనది. 27 క్లెయిములలో మొదటి 24 పద్ధతికి సంబంధించినవి. 25, 26, 27 మాత్రం జన్యు వరుసక్రమానికి, అనగా మొక్కలో ప్రవేశపెట్టే న్యూక్లిక్ ఆమ్లానికి చెందినవి. తగవంతయు ఈ చివరి మూడింటి చుట్టూనే తిరిగినది.

నూజివీడు సీడ్స్ 2004లోనే సబ్‌లైసెన్సు పుచ్చుకొన్నది. ట్రెయిట్ ఫీజును రాష్ట్ర ప్రభుత్వాలు నిర్ణయించిన మేరకే చెల్లిస్తామని ఆ సంస్థ, ఒప్పందం ప్రకారం చెల్లించవలసినదేనని రెండవ పక్షం పట్టుబట్టగా, 2015 నవంబరులో ఒప్పందం రద్దయినది. అటుపిమ్మట 2016 తొలి మాసాలలో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానంలో పేటెంటు ఉల్లంఘన, ట్రేడ్‌మార్కు ఉల్లంఘన అభియోగాలతో వ్యాజ్యం దాఖలైనది. నూజివీడుతోపాటు దాని అనుబంధ సంస్థలైన ప్రభాత్, ప్రవర్ధన్‌లు కూడా ప్రతివాదులు. నిన్నటి వరకు రుసుము పుచ్చుకొని విత్తనం ఇచ్చిన సంస్థ, ఒప్పందం ముగిసిన మరునాటి నుండి అదే విత్తనాన్ని చౌర్యమని పిలిచినది. చేలో మొక్క మారలేదు. కాగితం మాత్రం మారినది.

ఇక్కడ ప్రజననశాస్త్రం చదివినవారు ఒకింత ఆగి ఆలోచించవలెను. కంపెనీ చేతికి అందేది జన్యువు గల దాత విత్తనం. దానిని తన స్వంత జనక వరుసలతో సంకరపరచి, పునస్సంకరణం ద్వారా ఆరేడు తరాలు వెనుకకు మళ్ళించి, క్రై2ఎబి ఉన్న మొక్కలను ఏరుకొని, చివరకు తన సంకర రకాన్ని కంపెనీ తయారుచేసుకొనును. ఇందులో ప్రయోగశాలలో జన్యువును ప్రవేశపెట్టే పని ఎక్కడా లేదు. పుప్పొడి, కీలాగ్రం, కూలీల చేతివ్రేళ్ళు, ఎండ, కాలం, ఇవే పనిముట్లు. కనుక పద్ధతికి చెందిన 24 క్లెయిములను తాము తాకలేదని, మిగిలిన మూడు క్లెయిములు మొక్కలో భాగమైనందున పేటెంటుకే అర్హమైనవి కావని నూజివీడు పక్షం వాదించినది. ఆ జన్యు వరుసక్రమం ప్రకృతిలో ఆ రూపంలో లేదు, మనిషి నిర్మించిన రసాయన పదార్థమది, అది ఏ మొక్కలో ఉన్నను మా ఆవిష్కరణయే అని మోన్‌శాంటో వాదించినది. రెండు వాదాలలోను శాస్త్రీయమైన బలం ఉన్నది. ఒకదానిని దోపిడీ అని, రెండవదానిని దొంగతనం అని కొట్టివేయుట సభావేదికలకు సరిపోవును గాని పరిశోధన పత్రికకు తగదు.

పేటెంట్ల చట్టం, 1970లోని 3(జె) నిబంధన మొక్కలను, వాటి భాగాలను, విత్తనాలను, రకాలను, ప్రధానంగా జీవసంబంధమైన ఉత్పత్తి ప్రక్రియలను పేటెంటు పరిధి నుండి తప్పించినది. సూక్ష్మజీవులకు మాత్రమే మినహాయింపు. మరి సూక్ష్మజీవి నుండి తీసి, మార్చి, మొక్కలో నిలిపిన జన్యువు ఏ కోవలోనిది? గాజుపాత్రలో ఉన్నంతసేపు అది రసాయనమే. మొక్క కణంలో చేరి, పుప్పొడిలో ప్రయాణించి, గింజలో నిద్రించి, మరుసటి వానకు మేల్కొన్న తరువాత కూడా అది రసాయనమేనా, మొక్కలో భాగమా? చట్టం వ్రాసినవారు ఈ సంధిస్థానాన్ని స్పష్టం చేయలేదు.

న్యాయస్థానాలు మూడు మెట్లలో మూడు విధాల పలికినవి. 2017 మార్చి 28న ఏకసభ్య ధర్మాసనం ఒప్పందం రద్దును నిలిపివేసి, ప్రభుత్వం నిర్ణయించిన ట్రెయిట్ ఫీజు ప్రకారం ఉభయులు నడచుకొనవలెనని మధ్యేమార్గం చూపినది. 2018 ఏప్రిల్ 11న ద్విసభ్య ధర్మాసనం పేటెంటునే చెల్లదన్నది. జన్యువు మొక్కలో భాగమైనందున 3(జె) అడ్డుపడునని, కావలసినచో మొక్కల రకాల చట్టం కింద రక్షణ కోరుకొనవచ్చునని దాని తీర్పు. 2019 జనవరి 8న సర్వోన్నత న్యాయస్థానం ఆ తీర్పును కొట్టివేసినది. ఇంత క్లిష్టమైన శాస్త్రీయ విషయాన్ని నిపుణుల సాక్ష్యం లేకుండా తేల్చరాదని, పూర్తి విచారణ జరుపవలెనని వ్యాజ్యాన్ని ఏకసభ్య ధర్మాసనానికి తిప్పి పంపినది. పేటెంటు చెల్లునని ఆ తీర్పు అర్థం కాదు. చెల్లదని కూడా కాదు. ఈ తీర్పును ఒక పక్షపు విజయంగా ఉదహరించే విద్యార్థి వ్యాసాలు తరచు కనబడుచున్నవి గనుక ఇంత చెప్పవలసి వచ్చినది.

ఆ విచారణ జరుగలేదు. 1999 నవంబరు నాటి దరఖాస్తు మీద లభించిన పేటెంటు, 20 సంవత్సరాల గడువు తీరి, 2019 నవంబరులో ముగిసినది. మోన్‌శాంటోను 2018లోనే కొనుగోలు చేసిన బేయర్ సంస్థ 2021 మార్చిలో నూజివీడుతో అన్ని వివాదాలను రాజీ చేసుకొన్నది. ఈలోగా కేంద్ర ప్రభుత్వం 2015 డిసెంబరు నాటి ధరల నియంత్రణ ఉత్తర్వు ద్వారా పొట్లానికి ట్రెయిట్ ఫీజును 2016లో 49 రూపాయలకు, 2018లో 39కి, 2019లో 20కి తగ్గించి, 2020 నాటికి పూర్తిగా తొలగించినది. గులాబీ రంగు పురుగు మాత్రం ఏ తీర్పు కోసమూ ఆగలేదు. న్యాయవాదులు క్రై2ఎబి ఎవరి సొత్తని వాదించుకొనుచుండగా, ఆ పురుగు ఆ జన్యువునే లక్ష్యపెట్టని స్థితికి చేరుకొన్నది.

ఇంత సుదీర్ఘమైన తగవు రైతు గడప తొక్కలేదు. ధర రూపంలో తాకినది గాని, ఏ పత్తి రైతుకూ పేటెంటు ఉల్లంఘన నోటీసు రాలేదు. దీనికి కారణం చట్టం చూపిన దయ కాదు, సంకర విత్తనం. సంకర రకం గింజను దాచి మరుసటి సంవత్సరం విత్తినచో పైరు ఒక తీరున రాదు కనుక రైతు ఏటేటా కొనుచునే ఉండును. నకలు తీయగల శక్తి జనక వరుసలు చేతిలో ఉన్న కంపెనీలకే పరిమితమైనది. అందుచేత తగవు కూడా కంపెనీల మధ్యనే నిలిచినది. సూటి రకాల సంగతి వేరు. అమెరికాలో సోయా చిక్కుడు సూటి పంట. అక్కడ ఇండియానా రాష్ట్రపు రైతు బౌమన్ ధాన్యపు గిడ్డంగిలో కొన్న గింజలను విత్తి, మందుకు తట్టుకొన్న మొక్కల గింజలను దాచుకొని తిరిగి విత్తినందుకు 2013లో అక్కడి సుప్రీం కోర్టు అతనిని పేటెంటు ఉల్లంఘించినవానిగా ఏకగ్రీవంగా నిర్ణయించినది. గింజ తనను తానే నకలు తీసుకొన్నదన్న వాదాన్ని ఆ న్యాయస్థానం అంగీకరించలేదు.

వరి సూటి పంట. గోదావరి డెల్టాలో, కొల్లేటి అంచులలో చేపల చెరువులుగా మారక మిగిలిన పొలాలలో సార్వాకు, దాళ్వాకు విత్తనం రైతు గాదెలోనిదో, పొరుగు రైతు వద్ద తెచ్చుకొన్నదో అగుట నేటికీ సాధారణమే. కోతల తరువాత అదనంతో తిరిగి కొలిచే షరతుపై నాగుకు విత్తనం తెచ్చుకొనుట పాత వాడుక. మార్టేరు పరిశోధన స్థానం 1982లో విడుదల చేసిన స్వర్ణ తూర్పు భారతమంతటా పరచుకొన్నది పొట్లాలతో కాదు, ఇటువంటి చేబదుళ్ళతోనే అని చెప్పుట అతిశయోక్తి కానేరదు.

ఈ నేపథ్యంలో 2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి ప్రకటించిన రెండు జన్యు సవరణ వరి రకాలను చూడవలెను. రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ రూపొందించిన డీఆర్‌ఆర్ ధాన్ 100, అనగా కమల, బాపట్లలో పుట్టిన సాంబ మసూరికి సవరణ. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ తయారుచేసిన పూసా డీఎస్‌టీ రైస్ 1, మార్టేరులో పుట్టిన కాటన్‌దొర సన్నాలుకు, అనగా ఎంటీయూ 1010కు సవరణ. రెండింటికీ మాతృక ఆంధ్ర దేశపు సూటి రకమే. రెండవదానికి కరవును, చౌడును తట్టుకొనే గుణం చేకూరినదని రూపకర్తల ప్రకటన. ఆ దావాలను బహుస్థల పరీక్షలే తేల్చవలెను, కొందరు శాస్త్రవేత్తలు ఇప్పటికే ప్రశ్నలు లేవనెత్తినారు. అవి నిలబడినచో మాత్రం ఉప్పుటేరు మీదుగా ఉప్పునీరు ఎగదన్నే పొలాలకు దాని అవసరం ఎంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ రెండింటికీ వాడిన క్రిస్పర్ ఉపకరణం ఎవరిది? ఆ ప్రశ్నపైననే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పక్షానికి, బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్‌కు మధ్య దశాబ్ద కాలంగా అమెరికాలో పోరు సాగుచున్నది. 2020లో నోబెల్ బహుమతి డౌడ్నా, షార్పాంటియేలకు దక్కినది. 2022లో అక్కడి పేటెంటు కార్యాలయం బ్రాడ్ పక్షాన నిర్ణయించినది. 2025 మేలో, మన వరి రకాల ప్రకటన వెలువడిన కొద్ది దినాలకే, అప్పీలు న్యాయస్థానం ఆ నిర్ణయంలో కొంత భాగాన్ని కొట్టివేసి పునర్విచారణకు పంపినది. వ్యవసాయంలో ఈ హక్కులు అనేకం కోర్టెవా చేతిలోను, బ్రాడ్‌తో అది 2017లో చేసుకొన్న ఏర్పాటులోను ఉన్నవి. విద్యాసంస్థల పరిశోధనకు ఉపకరణం ఉచితమే. విత్తనం బజారుకు వచ్చుటకు అనుమతి వేరు. అందుచేత మన ప్రభుత్వ సంస్థలు హక్కుదారులతో కూర్చొని మాట్లాడవలసియున్నది. ఆ మాటలలో ఏమి వ్రాసుకొందురో దానిపైననే కొల్లేటి రైతు నాగుకు తెచ్చుకొనే గింజ భవిష్యత్తు ఆధారపడియున్నది.

మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం, 2001 ఉన్నది కదా అని విస్తరణ అధికారులు ధీమాగా సమాధానమిచ్చుట వినబడుచుండును. 39వ విభాగం నిజముగనే ఉదారమైనది. బ్రాండు పేరుతో అమ్మనంత వరకు, రైతు తన విత్తనాన్ని దాచుకొనుటకు, విత్తుటకు, పంచుకొనుటకు, మార్చుకొనుటకు, అమ్ముటకు కూడా హక్కు కల్పించినది. అయితే ఆ విభాగం మొదటి మాటలను జాగ్రత్తగా చదువవలెను. ఈ చట్టంలో ఏమి ఉన్నప్పటికీ అని అది మొదలగును. పేటెంట్ల చట్టంలో ఏమి ఉన్నప్పటికీ అని కాదు. రకంపై ప్రజనకుని హక్కు రైతును అడ్డగించరాదని దాని భావం. రకం లోపలి సవరణపైనో, ఆ సవరణకు వాడిన పద్ధతిపైనో పేటెంటు ఉన్నచో 39వ విభాగం అక్కడికి చేరునా లేదా అన్నది పత్తి వ్యాజ్యం పూర్తి విచారణకు వెళ్ళియుంటే తేలవలసిన ప్రశ్న. రాజీ పత్రంతో అది కూడా మూతపడినది. పరిశోధకుల పరిస్థితి ఇంతకంటె మెరుగు కాదు. మొక్కల రకాల చట్టంలోని 30వ విభాగం నమోదైన రకాన్ని కొత్త రకపు సృష్టికి వాడుకొనుటకు స్వేచ్ఛ ఇచ్చుచుండగా, పేటెంట్ల చట్టంలోని మినహాయింపు ప్రయోగానికి, బోధనకు మాత్రమే పరిమితం.

నకలు నింద ప్రైవేటు సంస్థలకే పరిమితమని అనుకొనుట కూడా పొరపాటు. నాగపూరు కేంద్ర పత్తి పరిశోధన సంస్థ, ధార్వాడ వ్యవసాయ విశ్వవిద్యాలయం కలసి రూపొందించిన బికనేరి నర్మా బీటీకి 2008లో అనుమతి వచ్చినది. అది సూటి రకం, రైతు దాచుకొనదగినది, స్వదేశీ సాంకేతికత అని ఎంతో ఆశ పెట్టుకొన్నది. తీరా చూడగా అందులో మోన్‌శాంటో వారి మోన్ 531 ఉనికి బయటపడి, విత్తన విక్రయం నిలిచినది. 2012లో సోపోరి సంఘం విచారించి, ప్రయోగశాలల నిర్వహణలోని లోపాలను ఎత్తిచూపినది. కలిసినదా, కలిపినదా అన్న చర్చ నేటికీ ఉన్నది. ఆ చర్చ కంటె ముఖ్యమైనది మరొకటి. ఏ గింజ ఎక్కడి నుండి, ఏ తేదీన, ఏ షరతుపై వచ్చినదో చూపగల రిజిస్టరు దృఢంగా ఉండియున్నచో ఆ చర్చకే తావుండేది కాదు. పత్తి రైతుకు కంపెనీ పొట్లం కాక మరొక దారి చూపగలిగిన ఒక్క అవకాశం అట్లు చేజారినది. మోన్ 531కు ఇక్కడ పేటెంటే లేదన్న సంగతి గుర్తుకు తెచ్చుకొన్నచో ఆ నష్టం మరింత బాధించును.

విస్తరణ రంగంలో మాటల వాడుక కూడా సరిదిద్దుకొనవలెను. 2001లో గుజరాత్ చేలలో పట్టుబడిన నవభారత్ 151ను ఇప్పటికీ పేటెంటు దొంగతనానికి ఉదాహరణగా బోధించువారున్నారు. అది జీవభద్రత అనుమతి లేని విత్తనం, పర్యావరణ పరిరక్షణ చట్టం కింది నేరం. అందులోని జన్యువుకు దేశంలో పేటెంటు లేదు. గ్లైఫోసేట్‌ను తట్టుకొనే అనధికార పత్తిపై తెలుగు రాష్ట్రాలలో 2017 నుండి జరుగుచున్న దాడులు కూడా ఆ కోవలోనివే. అనుమతి లేని విత్తనం, పేటెంటు ఉల్లంఘించిన విత్తనం, బ్రాండు పేరును అనుకరించిన నకిలీ విత్తనం, ఈ మూడింటినీ ఒకే గాటన కట్టి రైతుకు చెప్పినచో అతడు దేనికి భయపడవలెనో, దేనికి అవసరం లేదో తెలియక అన్నిటికీ భయపడును, లేదా వేటికీ భయపడడు. రెండవదే ఎక్కువ.

మార్టేరు, బాపట్ల స్థానాలు తమ రకాలను దాత సామగ్రిగా ఇచ్చునప్పుడు ఏమి కోరుచున్నవన్నది ఇక మిగిలిన విషయం. సాంబ మసూరిని గాని, 1010ని గాని పుట్టించుటకు ప్రజననకారులు, కూలీలు, పరీక్షా క్షేత్రాల రైతులు వెచ్చించిన సంవత్సరాలు ఏ పేటెంటు క్లెయిములోను కనబడవు. సవరించినది ఒక జన్యువు, తక్కిన మొక్క అంతయు ఈ నేల సొత్తు. ఉపకరణపు హక్కుదారు తన వాటాను అడుగుచున్నప్పుడు మాతృక ఇచ్చిన పక్షం చేతులు కట్టుకొని కూర్చొనుట వినయం కాదు, అలక్ష్యం. డబ్బు అడుగుట అవసరం లేదు. ఈ రకపు విత్తనాన్ని రైతు దాచుకొన్నను, పంచుకొన్నను ఏ హక్కుదారూ అభ్యంతరం చెప్పరాదన్న ఒక్క షరతును దాత ఒప్పందంలోను, క్రిస్పర్ లైసెన్సులోను వ్రాయించవలెను. ఆ ప్రతిని విశ్వవిద్యాలయాలు ప్రజలకు అందుబాటులో ఉంచవలెను. పత్తి సబ్‌లైసెన్సులలో ఇటువంటి వాక్యం కావలెనని ఎవరూ అడుగలేదు, సంకర విత్తనం వలన ఆ అవసరమూ రాలేదు. వరి లైసెన్సులో ఆ వాక్యానికి చోటుండవలసినది సంతకాలకు ముందే.